నవ్వుతో నోరు విప్పిన జబ్బు

రొమ్ము క్యాన్సర్ అవగాహన ప్రచారంలో, దాని కోసం విరాళాలు పోగుచేసే పనుల్లో హాస్యాన్ని వాడడం బ్రిటన్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో 1990ల రెండో సగంలో మొదలై, 2000 దాటాక ఊపందుకుంది. అంతకు కొన్ని దశాబ్దాల ముందు ఆ జబ్బు మీద జోకు వేసే మాట అటుంచి, దాని పేరు పైకి అనడమే గగనంగా ఉండేది. నవ్వు వచ్చి చేరింది ఆ మౌనంలోకే కాబట్టి కథ అక్కడినుంచే ఎత్తుకోవాలి.

సిద్ధార్థ ముఖర్జీ 2010లో వెలువరించిన క్యాన్సర్ చరిత్ర ‘ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’లో ఒక ఉదంతం ఉంది. 1950ల మొదట్లో ఫానీ రోజెనో అనే ఆవిడ, రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీల సంఘం కోసం న్యూయార్క్ టైమ్స్‌లో ప్రకటన వేయిద్దామని ఫోను చేసింది. ‘రొమ్ము’ అన్న మాట అచ్చువేయం, ‘క్యాన్సర్’ అన్న మాటా వేయం, కావాలంటే ‘ఛాతీ గోడకు వచ్చే జబ్బులు’ అని వేస్తాం అని అటునుంచి జవాబు వచ్చిందట. ఆవిడ ఒళ్లుమండి ఫోను పెట్టేసింది.

మాట మీద ఆంక్ష అలా ఉంటే, వైద్యం తీరు అంతకన్నా భయపెట్టేది. విలియం హాల్‌స్టెడ్ 1880లలో మొదలుపెట్టిన శస్త్రచికిత్సలో రొమ్ముతో పాటు దాని కింది కండరాలనూ, చంకలోని గ్రంథులనూ కూడా తీసేసేవారు. 1970ల దాకా అమెరికాలో అదే రివాజు. గడ్డ ఏమిటో చూడడానికని మత్తిచ్చి, పరీక్షలో క్యాన్సర్ అని తేలితే ఆ మత్తులోనే రొమ్ము తీసేయడం కూడా మామూలే. లేచి తడిమి చూసుకుంటే తప్ప ఉందో పోయిందో ఆ మనిషికి తెలిసేది కాదు. తెలుగులోనూ ‘రాచపుండు’ అన్న పాత మాట సంఘంలోని చెడుకు పోలికగా ఉపన్యాసాల్లో బాగానే వినిపించేది కానీ, ఇంట్లో ఫలానా మనిషికి వచ్చిందని చెప్పుకోవడానికి నోరు పెగిలేది కాదు.

గుట్టు వీడింది పేరున్న వాళ్ల వల్ల. బాలనటిగా లోకమెరిగిన షర్లీ టెంపుల్ బ్లాక్ తన రొమ్ము తీసేసిన సంగతి 1972లో తానే బయటపెట్టింది. 1974 సెప్టెంబరు 28న అమెరికా అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్‌కు ఆపరేషన్ జరిగితే ఆ వార్తను దాచలేదు. మూడు వారాలు తిరక్కుండానే, ఉపాధ్యక్ష పదవికి ఎంపికైన నెల్సన్ రాక్‌ఫెల్లర్ భార్య హ్యాపీకీ అదే ఆపరేషన్ అయింది. పరీక్షలకు వచ్చే ఆడవాళ్ల సంఖ్య ఆ నెలల్లో ఒక్కసారిగా పెరిగింది. 1976లో టీవీ విలేఖరి బెట్టీ రోలిన్ ‘ఫస్ట్, యూ క్రై’ అనే పుస్తకం రాసింది. ఏడుపు పేరులోనే ఉన్నా, లోపల చాలాచోట్ల చురుక్కుమనే హాస్యం. తన ఒంటికి ఏమైందో తనే చెబుతూ, తన మీద తనే విసుర్లు వేసుకునే ఆ గొంతు తర్వాత వచ్చిన వాళ్లందరికీ పెద్దక్కలాంటిది.

1979లో నార్మన్ కజిన్స్ ‘అనాటమీ ఆఫ్ యాన్ ఇల్‌నెస్’ వెలువడింది. హాస్యచిత్రాలు చూసి పది నిమిషాలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్రపట్టేదని ఆయన చెప్పుకున్నాడు. ఆయనది క్యాన్సర్ కాదు, వెన్నుపూస కీళ్ల జబ్బు. నవ్వితే క్యాన్సర్ తగ్గుతుందనడానికి ఆధారం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆసుపత్రి మంచం మీద నవ్వడం తప్పు కాదన్న ధైర్యం మాత్రం ఆ పుస్తకం ఇచ్చింది.

ప్రచారం ఒక వ్యవస్థగా నిలబడింది 1980లలో. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన సూజన్ కోమెన్ పేర ఆమె చెల్లెలు నాన్సీ బ్రింకర్ 1982లో సంస్థ పెట్టి, మరుసటేడు డాలస్‌లో 800 మందితో పరుగు నిర్వహించింది. 1985లో అక్టోబరు నెలను అవగాహన మాసంగా మొదలుపెట్టారు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీతో పాటు దాని వెనక ఉన్నది రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్ మందు తయారుచేసే ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్. 1992లో గులాబీ రిబ్బను దేశమంతా పాకింది. నిజానికి అంతకు ముందే షార్లెట్ హేలీ అనే ఆవిడ పీచ్ పండు రంగు రిబ్బన్లు ఇంట్లో చేత్తో కత్తిరించి, నివారణకు ప్రభుత్వం ఇంకా డబ్బు పెట్టాలని రాసిన కార్డులతో పంచుతూ ఉండేది. ‘సెల్ఫ్’ పత్రిక కలిసి పనిచేద్దామని అడిగితే, మీది వ్యాపారం ధోరణి, నాకొద్దు అంది. రంగు మారిస్తే చిక్కు ఉండదని లాయర్లు సలహా చెప్పారు. అలా పీచ్ పోయి గులాబీ వచ్చింది. ఆ రంగులో కోపం లేదు, లాలిత్యం ఉంది. అమ్మకానికి అది బాగా పనికొచ్చింది.

ఆ లాలిత్యం పక్కనే అల్లరి కూడా మొదలైంది. బ్రిటన్‌కు చెందిన నీనా బారో 1996లో మరికొందరిని కూడగట్టి, 13 మంది జట్టుగా, అలంకరించిన బ్రాలు పైకి కనిపించేలా వేసుకుని న్యూయార్క్ మారథాన్‌ను నడిచి పూర్తిచేశారు. ఉద్దేశం రొమ్ము క్యాన్సర్ కోసం చందాలు. అంతలో ఆవిడకే ఆ జబ్బు ఉన్నట్టు తేలింది. 1998లో లండన్ మారథాన్‌లో అందరికీ చోటు దొరక్కపోతే, ముందురోజు రాత్రే నడిచేశారు. అదే ‘మూన్‌వాక్’ అయి ఏటేటా జరుగుతోంది. చీకట్లో వేలమంది, పూసలూ ఈకలూ కుట్టిన లోదుస్తులతో, మైళ్లకు మైళ్లు నడుస్తారు. అందులో మగవాళ్లూ బ్రాలు వేసుకుంటారు.

న్యూజిలాండ్‌లో జరిగిన దానికైతే ముందు ఉద్దేశమే లేదు. కార్డ్రోనా లోయలో రోడ్డు పక్క కంచెకు 1998 క్రిస్మస్‌కూ 1999 కొత్త సంవత్సరానికీ మధ్య నాలుగు బ్రాలు వేలాడుతూ కనిపించాయి. ఎవరు కట్టారో అంతుచిక్కలేదు. ఎవరో తీసేశారు. తీసేసిన వార్త పేపర్లలో రాగానే మళ్లీ కట్టేవాళ్లు పెరిగారు. పెరిగిన కొద్దీ మళ్లీ మాయం కావడం, మళ్లీ రావడం. వందల సంఖ్య చేరాక, ఇది రోడ్డు స్థలంలో ఉంది, వాహనదారుల దృష్టి మళ్లిస్తోంది అని 2006లో స్థానిక అధికారులు మొత్తం తీయించారు. కొన్నేళ్లకు కంచె మరో చోట లేచి, ‘బ్రాడ్రోనా’ అని పేరు పెట్టుకుని, పక్కన గులాబీ రంగు డబ్బా పెట్టుకుంది. ఫొటో దిగినవాళ్లు అందులో వేసే డబ్బు రొమ్ము క్యాన్సర్ సంస్థకు వెళ్తుంది. ఆకతాయి పని ధర్మకార్యంగా మారడానికి పదిహేనేళ్లకు పైగా పట్టిందన్నమాట.

ఇలాంటి నిధుల సేకరణలన్నిటికీ పెద్ద ప్రచారం తెచ్చినది రొమ్ము క్యాన్సర్‌కు సంబంధించినది కాదు. యార్క్‌షైర్‌లో రిల్‌స్టోన్ అనే పల్లెలోని మహిళా సంఘం, సభ్యురాలు ఆంజెలా బేకర్ భర్త 1998లో లింఫోమాతో చనిపోతే, 1999లో రక్త క్యాన్సర్ పరిశోధన కోసం 2000వ సంవత్సరపు క్యాలెండర్ వేసింది. జామ్ చేయడం, అల్లికలు, పూలకుండీలు లాంటి రోజువారీ పనుల్లో నడివయసు ఆడవాళ్లు, ఒంటి మీద బట్ట లేకుండా, కావలసినంత మేర పాత్రలూ పూలూ అడ్డంపెట్టుకుని ఫొటోలు దిగారు. కొద్దివేల పౌండ్లు వస్తే చాలనుకుంటే లక్షలు దాటి పోయాయి. 2003లో హెలెన్ మిర్రెన్ నటించిన సినిమా ‘క్యాలెండర్ గర్ల్స్’ దాని కథే. అందులో నవ్వు ఎవరి శరీరం మీదా కాదు. మర్యాదస్తుల సంఘమని పేరుపడ్డ తమ మీద తమదే.

2003లోనే మెల్‌బోర్న్‌లో ట్రావిస్ గరోన్, ల్యూక్ స్లాటరీ అనే ఇద్దరు మిత్రులు, మరో స్నేహితుడి తల్లి రొమ్ము క్యాన్సర్‌కు చందాలు పోగుచేయడం చూసి, మగవాళ్ల జబ్బులకు మనమెందుకు ఏమీ చేయకూడదనుకుని, నవంబరంతా మీసం పెంచే పందెం పెట్టారు. మొదటేడు 30 మంది. ప్రోస్టేట్ క్యాన్సర్ నిధికి పేరుపడ్డ ‘మోవెంబర్’ మూలం అదీ. ఆస్ట్రేలియాలోనే మరో ఆనవాయితీ క్రికెటర్ గ్లెన్ మెక్‌గ్రాత్ భార్య జేన్ పేర వచ్చింది. ఆమె రొమ్ము క్యాన్సర్‌తో 2008లో మరణించాక, 2009 జనవరి నుంచి సిడ్నీ టెస్టును గులాబీమయం చేశారు. మగవాళ్లు గులాబీ విగ్గులు, చొక్కాలు వేసుకుని వస్తారు. 2021లో కోవిడ్ వల్ల ప్రేక్షకులను తగ్గించాల్సి వస్తే, ఎవరూ కూర్చోని గులాబీ సీట్లను ఊహలోనే అమ్మి విరాళాలు రాబట్టారు. 

అమెరికాలో హాస్యం మాటల మీద పడింది. 2000లో మొదలైన ‘కీప్ ఎ బ్రెస్ట్’ సంస్థ, 2004లో వచ్చిన ‘ఫీల్ యువర్ బూబీస్’, ‘సేవ్ ద టాటాస్’ టీ షర్టులు, అన్నీ పిల్లల ముద్దుమాటల్లాంటి, కుర్రకారు వాడే మాటల్లాంటి పదాలను పట్టుకున్నాయి. (మన దేశంలో టాటా అంటే వీడ్కోలు, ఉప్పు, లారీ, ముంబైలో అయితే 1941లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రి కూడా. ఆ టీ షర్టు ఇక్కడ అమ్మాలంటే చాలా వివరణ కావాలి.) రొమ్ము అన్న మాట వైద్యుడి గదిలోది, భయపెడుతుంది, ఈ మాటలు స్నేహితులవి, పదహారేళ్ల పిల్ల సిగ్గుపడకుండా అంటుంది అని వాళ్ల వాదం.

ఆ వాదం కోర్టుకెక్కింది. ‘ఐ లవ్ బూబీస్’ అని రాసిన రబ్బరు కడియాలు బళ్లలో విపరీతంగా వ్యాపించాయి. పెన్సిల్వేనియాలోని ఈస్టన్ పాఠశాలల యాజమాన్యం వాటిని నిషేధించింది. 2010 అక్టోబరులో, బడిలో రొమ్ము క్యాన్సర్ అవగాహన దినం జరుగుతుండగానే, ఇద్దరు బాలికలు కడియాలు తీయమంటే తీయలేదు. సస్పెండయ్యారు. తల్లుల అండతో దావా వేశారు. బడి వాదన: మాటలో బూతు ధ్వని ఉంది. పిల్లల వాదన: మాట సరదాగా ఉన్నా విషయం ప్రజారోగ్యం. 2013 ఆగస్టులో మూడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 9–5 ఆధిక్యంతో పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. స్పష్టమైన అసభ్యత కాకుండా రెండర్థాలకు తావిచ్చే మాట, సామాజిక విషయం మీద వ్యాఖ్య అయినప్పుడు బడి దాన్ని అణచకూడదన్నది సారాంశం. 2014 మార్చిలో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించడంతో తీర్పు నిలిచింది. ఇంత చేసీ అందరూ ఒప్పుకున్నారని కాదు. అదే ఆగస్టులో ఇండియానాలోని ఒక ఫెడరల్ కోర్టు అచ్చం ఇలాంటి కేసులో బడి వైపే మొగ్గింది. ఒకే నినాదం ఒక న్యాయమూర్తికి ఆరోగ్య సందేశంగా, మరొకరికి వెకిలి మాటగా వినిపించింది. ఈ ప్రచారాల చరిత్ర అంతటా నడిచే తగాదా అదే.

బ్రిటన్‌లో ఈ పద్ధతిని రోగే చేపట్టింది. క్రిస్ హాలెంగాకు 2009లో, 23 ఏళ్లకే, నాలుగో దశ రొమ్ము క్యాన్సర్ అని తేలింది. గడ్డ ఉందని డాక్టరు దగ్గరకు వెళ్తే మొదట్లో హార్మోన్ల మార్పు అని పంపేశారు. ఇంత చిన్న వయసులోనూ వస్తుందని తనకెవరూ చెప్పలేదన్న కోపంతో, కవల సోదరితో కలిసి ‘కాపాఫీల్’ అనే సంస్థ పెట్టింది. ఆ పేరే ఒక చిలిపి మాట. అనుమతి లేకుండా తడమడాన్ని చెప్పే మోటు ప్రయోగాన్ని తిప్పి, నిన్ను నువ్వే తడిమి చూసుకో అన్న అర్థంలోకి తెచ్చింది. గాలి నింపిన పెద్ద పెద్ద రొమ్ముల వేషాల్లో కార్యకర్తలు కాలేజీల్లో, సంగీతోత్సవాల్లో తిరిగేవారు. నెలకోసారి ఫోనుకు ఒక మెసేజ్ వచ్చేది. స్నానాల గదుల్లో అంటించుకునే స్టిక్కర్లు పంచారు. వేషం నవ్వించేది, స్టిక్కరులో మాత్రం ఏం చూసుకోవాలో, ఎప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్లాలో ఉండేది.

2014లో ‘ది సన్’ పత్రిక తన మూడో పేజీ అర్ధనగ్న చిత్రాలను ఈ సంస్థ ప్రచారంతో జోడించి ‘చెక్ ఎమ్ ట్యూజ్‌డే’ మొదలుపెడితే పెద్ద దుమారం లేచింది. ఆడవాళ్లను బొమ్మలుగా చూపే పేజీకి పుణ్యం పూత పూస్తున్నారని స్త్రీవాదులు తప్పుపట్టారు. అంతమంది పాఠకులు మరెక్కడా దొరకరని సంస్థ సమర్థించుకుంది. రెండు వాదనల్లోనూ నిజం ఉంది. మగవాళ్ల కంటికి విందుగా వేసే బొమ్మ పక్కన పెట్టిన హెచ్చరిక ఎవరికి చేరుతుందన్న ప్రశ్న మాత్రం సమర్థనతో తీరలేదు. హాలెంగా చనిపోకముందే, 2023లో ట్రూరో కథీడ్రల్‌లో తన అంత్యక్రియల వేడుక తనే జరుపుకుంది. హాస్యనటి డాన్ ఫ్రెంచ్ తన పాత టీవీ పాత్ర వేషంలో పాద్రీగా వచ్చింది. జబ్బు బయటపడ్డ పదిహేనేళ్లకు, 2024 మేలో, 38వ ఏట హాలెంగా మరణించింది.

సామాజిక మాధ్యమాల నియమాలు కొత్త కొంటెతనానికి దారితీశాయి. ఆడవారి రొమ్ము చూపిస్తే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ తొలగించేవి; మగవాడిది చూపిస్తే అభ్యంతరం ఉండేది కాదు. అందుకని 2016లో అర్జెంటీనాకు చెందిన మాక్మా సంస్థ, లావుపాటి మగవాడొకణ్ణి నిలబెట్టి, ఒక స్త్రీ అతని ఛాతీ మీద స్వీయపరీక్ష ఎలా చేసుకోవాలో చూపించే వీడియో చేసింది. నవ్వొస్తుంది, నవ్వుతూనే పద్ధతంతా నేర్చుకోవచ్చు, నిషేధం ఎంత వింతదో కూడా తెలిసిపోతుంది. అదే ఏడాది స్వీడన్ క్యాన్సర్ సంఘం గుండ్రటి బొమ్మలతో చేసిన యానిమేషన్‌ను ఫేస్‌బుక్ తీసేస్తే, సంఘం రొమ్ములను చతురస్రాలుగా గీసి మళ్లీ పెట్టింది. ఫేస్‌బుక్ క్షమాపణ చెప్పుకుంది. 2017 జనవరిలో కొరిన్ బోమాంట్ రూపొందించిన నిమ్మకాయల బొమ్మ లోకమంతా చుట్టింది. గుడ్లు పెట్టే అట్టపెట్టెలో పన్నెండు నిమ్మకాయలు. ఒకదానికి సొట్ట, ఒకదానికి ఎరుపు, ఒకదాని తొక్క బిరుసు, ఒకదాని నుంచి చుక్క కారుతోంది. చదువురాని మనిషికైనా పన్నెండు లక్షణాలూ అందుతాయి.

రోగులే హాస్యం రాయడం, ఆడడం మరో పాయ. 2006లో మరిసా అకోచెల్లా మార్చెట్టో ‘క్యాన్సర్ విక్సెన్’, మిరియమ్ ఎంగెల్‌బర్గ్ ‘క్యాన్సర్ మేడ్ మి ఎ షాలోవర్ పర్సన్’ అనే బొమ్మల పుస్తకాలు వచ్చాయి. రెండోదాని పేరులోనే ఎత్తిపొడుపు: జబ్బు మనిషిని ఉదాత్తం చేస్తుందన్న ఉపదేశానికి అది జవాబు. ఎంగెల్‌బర్గ్ ఆ ఏడాదే చనిపోయింది. 2012 ఆగస్టులో లాస్ ఏంజెలెస్ వేదిక మీద హాస్యనటి టిగ్ నొటారో, జబ్బు సంగతి తెలిసిన కొద్ది రోజులకే, మామూలు పలకరింపుతో పాటే తనకు క్యాన్సర్ అని చెప్పి కార్యక్రమం మొదలుపెట్టింది. జనం నవ్వాలో వద్దో తెలియక తటపటాయించిన ఆ క్షణాలు కూడా రికార్డులో ఉన్నాయి.

విమర్శ కూడా నవ్వునే ఆయుధం చేసుకుంది. తనకు జబ్బు వచ్చాక రచయిత్రి బార్బరా ఎరెన్‌రైక్ 2001లో ‘హార్పర్స్’ పత్రికలో రాసిన వ్యాసం, పెద్ద ఆడవాళ్లకు టెడ్డీబేర్లు, రంగు పెన్సిళ్లు పంచే గులాబీ సంస్కృతిని చీల్చి చెండాడింది. 2010లో కోమెన్ సంస్థ కేఎఫ్‌సీతో కలిసి గులాబీ బకెట్లలో వేయించిన కోడిమాంసం అమ్మించినప్పుడు, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ‘బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్’ కోడి కూతను తిట్టుగా మలిచి ‘వాట్ ద క్లక్’ అని ఎదురు ప్రచారం నడిపింది. ఆ ఏడాది జనవరిలోనే ఫేస్‌బుక్‌లో ఆడవాళ్లు తమ బ్రా రంగు ఒక్కటే రాసి వదిలే ఆట నడిచింది. మగవాళ్లకు అర్థం కాకపోవడమే అందులో సరదా. జబ్బు లక్షణం గురించి గానీ, పరీక్ష గురించి గానీ ఒక్క ముక్క లేదు. ఇక ‘రొమ్ములను కాపాడండి’ అన్న తరహా నినాదాలు రెండు రొమ్ములూ తీయించుకున్న మనిషికి ఎలా వినిపిస్తాయన్న ప్రశ్నకు టీ షర్టుల వాళ్ల దగ్గర జవాబు లేకపోయింది. జబ్బు ఎముకలకో కాలేయానికో పాకినవాళ్ల బాధ ఈ నినాదాల్లో ఎక్కడా లేదు.

వైద్యపరంగా మరో చిక్కుంది. ఈ హాస్యంలో ఎక్కువ భాగం తడిమి చూసుకోమనే చెబుతుంది. షాంఘై బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,064 మంది స్త్రీల మీద జరిగిన అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. స్వీయపరీక్ష పద్ధతిగా నేర్పినా మరణాలు తగ్గలేదు. ఆ తర్వాత చాలా సంస్థలు నెలనెలా లెక్కప్రకారం పరీక్ష అనడం తగ్గించి, తన ఒళ్లు మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకుని, మార్పు కనబడితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించమనడం మొదలుపెట్టాయి. నినాదాలు మాత్రం అంత తొందరగా మారలేదు.

భారతదేశంలో 2022లో సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, 98,000 మందికి పైగా చనిపోయారని అంతర్జాతీయ అంచనా. ఇక్కడి ప్రచారం మొదటినుంచీ గంభీరంగానే నడిచింది. ముంబై మురికివాడల్లో టాటా ఆసుపత్రి వైద్యులు 1,51,538 మందిని ఇరవై ఏళ్లపాటు పరిశీలించారు. సగం మంది దగ్గరకు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు వెళ్లి రొమ్ము పరీక్ష చేశారు. 2021లో ప్రచురించిన ఫలితాల్లో, 50 ఏళ్లు దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. హైదరాబాద్‌లో డాక్టర్ పి. రఘురామ్ తల్లి పేర 2007లో పెట్టిన ఉషాలక్ష్మి ఫౌండేషన్ నడకలతో, కట్టడాలకు గులాబీ దీపాలతో, తెలుగు సహా 12 భాషల్లో తెచ్చిన మొబైల్ యాప్‌తో పనిచేస్తోంది. అయినా తెలుగులో మాట్లాడేటప్పుడు చదువుకున్నవాళ్లు సైతం ‘బ్రెస్ట్’ అంటారు కానీ ‘రొమ్ము’ అనడానికి వెనకాడతారు. పరాయి మాట కాస్త చాటు ఇస్తుంది.

ఆ చాటు సంగతే 2024 అక్టోబరులో ఢిల్లీలో రచ్చకెక్కింది. క్యాన్సర్ నుంచి కోలుకున్న క్రికెటర్ యువరాజ్ సింగ్ స్థాపించిన ‘యు వి క్యాన్’ సంస్థ మెట్రో రైల్లో ఒక పోస్టరు పెట్టింది. బస్సులో ఆడవాళ్లు, చేతుల్లో కమలాపళ్లు. నెలకోసారి మీ కమలాపళ్లను పరీక్షించుకోండి అని రాత. రొమ్ము అనకుండా పండు అనడమేమిటి, ఆడవాళ్ల శరీరాన్ని రోడ్డుపక్క వెకిలివాళ్లు పోల్చే పోలికే ఆరోగ్య ప్రచారానికి దొరికిందా అని జనం మండిపడ్డారు. జనం మాట్లాడుకోవడానికి జంకే విషయాన్ని కదిలించడానికే ఆ పోలిక తెచ్చామని సంస్థ చెప్పింది. పండు పోలిక కొత్తదేమీ కాదు. నిమ్మకాయలను ఎవరూ ఇంతగా తిట్టలేదు. అక్కడ ఒక్కొక్క కాయా ఒక్కొక్క లక్షణాన్ని చూపించింది. ఇక్కడ పండు చెప్పడానికి రాలేదు, చెప్పాల్సిన మాట స్థానంలో కూర్చుంది. అమెరికాలో ‘బూబీస్’ అన్నవాళ్లు, రొమ్ము అన్న మాట పత్రికల్లో అప్పటికే మామూలైపోయిన సమాజంలో అన్నారు. ఢిల్లీ మెట్రో ఆ పోస్టరును తీయించేసింది.